మూసిన గుమ్మం, వంగే గుమ్మం: అమ్మతో యెరూషలేము

పవిత్ర భూమి యాత్ర అనగానే మన వాళ్ళు ముందు అడిగేది ప్యాకేజీ ఎంత, తెలుగు భోజనం ఉందా, బాప్తిస్మపు రేవు చూపిస్తారా అని. నేనూ అవే అడిగాను. గుమ్మాల సంగతి ఎవరినీ అడగలేదు. తీరా వెళ్ళొచ్చాక అమ్మ ఇప్పటికీ చెప్పుకునేవి గుమ్మాల కబుర్లే. అందుకే ఇది చర్చీల వరుస కాదు, గుమ్మాల లెక్క.

2019 నవంబరులో వెళ్ళాం. మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మ రిటైరైన టీచరు, మోకాళ్ళ నొప్పులు, కీర్తనలు మాత్రం పాత బైబిలు మాటల్లోనే కంఠతా. సంఘం వాళ్ళ గుంపుతో నాలుగు రాత్రులు బేత్లెహేములో ఉన్నాం. మా ఇద్దరికీ విడి వీసాలు కాబట్టి, గుంపు ఈజిప్టు వైపు వెళ్ళాక మరో రెండు రాత్రులు యెరూషలేము పాతపట్టణం లోపలే గడిపాం.

ముందు బేత్లెహేము బస. హోటలు శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, లిఫ్టు ఉంది. తిండి మాత్రం రోజూ అదే అన్నం, అదే కోడి, అదే దోసకాయ ముక్కలు. అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి సీసా రెండో రోజుకే బల్లంతా తిరిగి ఖాళీ అయింది. యెరూషలేము కంటే గది అద్దె తక్కువని అప్పట్లో చాలా టూరు గుంపులను ఇక్కడే దించేవారు. దూరం పది కిలోమీటర్ల లోపే. కానీ మధ్యలో ఇశ్రాయేలు కట్టిన వేర్పాటు గోడ ఉంది, గోడకు చెక్‌పోస్టు ఉంది. మా బస్సులోకి తుపాకీతో ఒక కుర్రాడు ఎక్కి, రెండు పాస్‌పోర్టులు చూసి దిగిపోయేవాడు, రెండు నిమిషాల పని. తెల్లవారుజామున అదే చోట పనికి పోయే స్థానికులు ఇనుప కంచెల మధ్య బారులు తీరి ఉండేవారు. ప్రకటన గ్రంథంలో కొత్త యెరూషలేముకు పన్నెండు గుమ్మాలు, ఒక్కొక్కటి ఒక్కో ముత్యం, పగటివేళ అవి మూయబడవు అని ఉంటుంది. ఆ వారం మా పాస్టరు గారు బస్సులో చదివించింది ఆ అధ్యాయమే. అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఈ గుమ్మం ఏ అధ్యాయంలోదిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బేత్లెహేములో తప్పక చూడాల్సింది యేసు పుట్టిన చోటని చెప్పే జనన మందిరం వాకిలి. అంత పెద్ద చర్చికి ముందు ద్వారం నాలుగు అడుగులు మాత్రమే. గోడ వంక పరికించి చూస్తే వెనకటి పెద్ద వాకిళ్ళ ఆనవాళ్ళు రాతిలో కనబడతాయి: పైన అడ్డంగా బైజాంటియం కాలపు దూలం, దాని కింద క్రూసేడర్ల కమాను, అన్నిటికంటే కింద ఈ కన్నం. దీన్ని వినయ ద్వారం అంటారు. వంగితే తప్ప లోపలికి పోలేమని, అందులో ఆత్మీయ పాఠం ఉందని మా పాస్టరు గారు చెప్పారు. దోచుకునేవాళ్ళు గుర్రాల మీద, బళ్ళతో లోపలికి రాకుండా కుదించారని గైడు చెప్పాడు. అమ్మ వంగలేక ఒక చేత్తో రాతి అంచు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుంది. అవతల నుంచి ఎవరో ముసలాయన, ఏ దేశమో ఏమో, చెయ్యి అందించాడు. ఆ రాతి అంచు చేతులు తగిలి తగిలి నూనె పూసినట్టు నున్నగా ఉంది. లోపలికి వెళ్ళాక అమ్మ అంది, "మళ్ళీ ఇందులోంచే బయటికి రావాలా? అయితే వినయం రెండుసార్లు."

ఉదయం ఏడింటికల్లా వెళ్ళండి. మేం వెళ్ళినప్పుడు తొమ్మిది దాటాక క్యూ గంటల్లోకి పోయేది.

ఇక యెరూషలేము. ఇప్పుడు కనిపించే గోడలు ఉస్మానియా (ఒట్టోమన్) సుల్తాను సులేమాను 1537 నుంచి 1541 దాకా కట్టించినవి. అంటే యేసు నడిచిన గుమ్మాలు ఇవి కావు. ఈ ఒక్క మాట గైడు మొదటి రోజే చెప్పి ఉంటే సగం గందరగోళం తప్పేది. మా గైడు మంచివాడే, కానీ కథ రుచిగా ఉంటే చాలు, నిజమా కాదా అని చూడడు. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభమని యేసు అన్న మాటకు, "సూది బెజ్జం అనే చిన్న గుమ్మం ఉండేది, ఒంటె మోకాళ్ళ మీద పాకి దూరేది" అన్నాడు. బస్సంతా ఆమెన్ అంది. అలాంటి గుమ్మం ఉండేదనడానికి ఆధారం ఏదీ లేదు. సూది బెజ్జం అంటే సూది బెజ్జమే, ఆ మాటలో పదును అక్కడే ఉంది. ధనవంతుడు కాస్త వంగితే సరిపోతుందని మనం మెత్తన చేసుకున్నాం.

గుంపుతో వెళ్ళినప్పుడు బంగారు గుమ్మం చూపించింది ఒలీవల కొండ మీద నుంచి, ఫోటో ఆగినంత సేపే. మేమిద్దరం రెండు రోజుల తర్వాత టాక్సీలో మళ్ళీ వెళ్ళాం. కొండవాలులో, యేసు పట్టణాన్ని చూసి ఏడ్చిన చోటని చెప్పే, కన్నీటి చుక్క ఆకారంలో కట్టిన దోమినుస్ ఫ్లెవిత్ చర్చి దగ్గర కూర్చుంటే ఎదురుగా తూర్పు గోడ, అందులో రెండు కమానులూ రాళ్ళతో పూడ్చేసిన ద్వారం, దాని ముందు ముస్లిముల సమాధులు. యూదులు దీన్ని కరుణా ద్వారం అంటారు, అరబీలోనూ బాబ్ అల్ రహ్మా, అదే అర్థం. బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 44వ అధ్యాయంలో, దేవుడు ప్రవేశించాడు గనుక తూర్పు గుమ్మం ఇక మూసే ఉండాలని ఉంటుంది. చాలామంది ఈ రాళ్ళను చూపించి ప్రవచనం నెరవేరింది అంటారు. యెహెజ్కేలు చూసింది బబులోను చెరలో, దర్శనంలో, దేవాలయపు గుమ్మాన్ని. ఈ కట్టడం ఆయనకు వెయ్యేళ్ళకు పైగా తర్వాతిది. రెండూ ఒకటేనని ముడిపెట్టడం నాకు నచ్చదు. అయినా అక్కడ కూర్చుంటే మనసు ముడిపెట్టేస్తుంది. అమ్మ మెల్లగా మొదలుపెట్టింది: "గుమ్మములారా, మీ తలలు పైకెత్తికొనుడి." ఇరవై నాలుగో కీర్తన. తలుపును మనిషిలా పిలిచి తల ఎత్తమనడం ఎంత వింత మాటో, చిన్నప్పటి నుంచి వింటున్నా నాకు ఆ రోజే తట్టింది. కొండ దిగే దారి మాత్రం నిటారుగా ఉంటుంది. మోకాళ్ళు బాగోని వాళ్ళు కిందకి నడవొద్దు, టాక్సీని ఆపి ఉంచుకోండి, బేరం ముందే మాట్లాడండి. అప్పట్లో షెకెలు మనకు ఇరవై రూపాయలు. మేం మాట్లాడుకోకుండా ఎక్కి రెట్టింపు ఇచ్చుకున్నాం.

పాతపట్టణంలో మా బస కొత్త గుమ్మం దగ్గర, సిస్టర్లు నడిపే గెస్ట్‌హౌస్. కొత్త అంటే 1889లో తెరిచింది. గది సన్నగా ఉంది, టీవీ లేదు, ఏసీ లేదు, పొద్దున్న రొట్టె, జామ్, ఉడికిన గుడ్డు. రాత్రి పదిన్నరకు గేటు వేసేస్తారు. మొదటి రాత్రి పది నిమిషాలు ఆలస్యమై గంట కొట్టి నిలబడితే, లోపల నుంచి చెప్పుల చప్పుడు వచ్చేదాకా అమ్మ నన్ను తిడుతూనే ఉంది, "బుద్ధిలేని కన్యకలమైపోయాం కదరా" అని, పెళ్ళివిందుకు ఆలస్యమై మూసిన తలుపు బయట మిగిలిపోయిన బైబిలు ఉపమానపు కన్యకలను తలుచుకుని. లోపల కార్లు తిరగవు, సూట్‌కేసులు రాతిమెట్ల మీద మోసుకోవాల్సిందే. అయినా బేత్లెహేము హోటలుకూ దీనికీ పోలిక లేదు. తెల్లవారి అయిదింటికి లేచి సందుల్లో నడిస్తే పట్టణం మనదే.

యొప్పే గుమ్మం దగ్గర ఒక తమాషా ఉంది. అసలు ద్వారం లోపల అడ్డంగా మలుపు తిరుగుతుంది, శత్రువు ఒక్క ఉదుటున దూసుకు రాకుండా. దాని పక్కనే గోడ కూల్చిన వెడల్పాటి ఖాళీ, అది 1898లో జర్మనీ చక్రవర్తి విల్హెల్మ్ బండి దిగకుండా లోపలికి రావడానికి చేసిందట. 1917 డిసెంబరులో బ్రిటిషు సేనాని అలెన్‌బీ మాత్రం గుమ్మం ముందు గుర్రం దిగి నడిచి వచ్చాడు. ఇప్పుడు టాక్సీలన్నీ చక్రవర్తి ఖాళీలోంచే పోతాయి. గుమ్మం రాతిలో ఏటవాలుగా బిగించిన మెజూజా ఉంది, లేఖన వాక్యాలు రాసిన చుట్టను దాచే చిన్న పెట్టె. దేవుని మాటలను ఇంటి ద్వారబంధాల మీద, గవినుల మీద రాయమన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ అది. పరుగున పోతున్న ఒక కుర్రాడు ఫోను మాట్లాడుతూనే దాన్ని వేళ్ళతో తాకి, వేళ్ళను ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మన గడపకు పసుపు కుంకుమ గుర్తొచ్చింది అన్నాను. అమ్మ కళ్ళెర్రజేసింది.

సింహాల గుమ్మానికి పెద్దగా సమయం అక్కర్లేదు. చెక్కినవి సింహాలు కావు, చిరుతలు. పక్కనే సెయింట్ ఆన్ చర్చిలో మాత్రం ఒక పాట పాడండి. మా ఇద్దరి గొంతు ఇరవైమంది కోయిరులా మోగింది. దమస్కు గుమ్మం మెట్ల మీద నువ్వుల రొట్టె కొనుక్కుని కూర్చోవడం చాలు, అదే దర్శనం.

చివరి మధ్యాహ్నం పెంట గుమ్మం దగ్గరున్న పురావస్తు పార్కుకు టికెట్టు కొన్నాం. గుంపు టూర్లలో దీన్ని వదిలేస్తారు, అది పెద్ద పొరపాటు. దేవాలయం ఎక్కే దక్షిణపు మెట్లు ఇక్కడే ఉన్నాయి, నిజంగా మొదటి శతాబ్దపువి. ఒక మెట్టు వెడల్పు, తర్వాతిది ఇరుకు, అడుగు ఆచితూచి వేయక తప్పదు. పైన హుల్దా గుమ్మాలు, ఇప్పుడు రాళ్ళతో మూసి ఉన్నాయి. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో, దేవాలయంలో నడిచే తీరు గురించి ఉన్న సంగతి ఒకటి ఫోనులో చదివి వినిపించాను. అందరూ కుడివైపు నుంచి లోపలికి వెళ్ళి, చుట్టూ తిరిగి, ఎడమవైపు నుంచి బయటికి వస్తారు. ఇంట్లో చావు జరిగినవాడు మాత్రం ఎదురు దిశలో నడుస్తాడు. ఎందుకిలా అని ఎదురొచ్చినవాళ్ళు అడగాలి. దుఃఖంలో ఉన్నానని చెబితే, ఈ మందిరంలో నివసించేవాడు నిన్ను ఓదార్చును గాక అని దీవించాలి.

నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అమ్మ ఏమీ అనలేదు. కాసేపు కూర్చుని, కర్ర పట్టుకుని లేచి, ఎడమ చివర మెట్ల వైపు నడవడం మొదలుపెట్టింది. ఎదురుగా కొరియా గుంపు ఒకటి టోపీలతో దిగుతోంది. వాళ్ళలో ఒకావిడ నవ్వి దారి ఇచ్చింది. నేను వెనకాలే వెళ్ళి, "ఎటు పోతున్నావమ్మా?" అని అడిగాను.

"అడిగావు కదా, చాలు," అంది.