షిన్ పెయిన్‌కి (కాలి ముందు ఎముక నొప్పికి) ఇన్‌సోల్స్ అంటగట్టే ఆ షాపుకి వెళ్ళకండి, బెంగళూరు రన్నర్స్ జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చా, ఒళ్ళు మండిపోతోంది. ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్క్ దగ్గర స్టాల్ వేసి ఫ్రీ ఫుట్ స్కాన్ అని పిలుస్తారు చూడండి, వాళ్ళే. పేరు రాయట్లేదు, వెళ్ళినవాళ్ళకి తెలిసిపోతుంది.

వరల్డ్ టెన్‌కే, అదే మన బెంగళూరు 10 కిలోమీటర్ల రేస్ కోసం ప్రాక్టీస్ చేస్తుంటే ఎడమకాలికి మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలైంది. "రండక్కా, మనోళ్ళే కదా, నేను చూసుకుంటా" అన్నాడు ఓనరు, ఆయనదీ మన అనంతపురమే. ట్రెడ్‌మిల్ మీద కాసేపు పరిగెత్తించి వీడియో తీసి, పాదం లోపలికి వాలిపోతోంది, స్పెషల్ ఇన్‌సోల్స్ (షూ లోపల పాదం కింద పెట్టే మెత్తలు) వెయ్యాలి, షూస్ కూడా మార్చాలి అని మొత్తం కలిపి 21,500 కట్టించుకున్నాడు. పరుగు మాత్రం ఆపొద్దు, ఆపితే కండరాలు పట్టేస్తాయి అని నొక్కి మరీ చెప్పాడు. అంతేగానీ ఈ మధ్య కిలోమీటర్లు పెంచారా, రాత్రి పడుకున్నాక కూడా నొప్పి ఉంటోందా, పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయా, ఒక్క ముక్క అడగలేదు.

రానురాను నొప్పంతా ఒక్కచోటికి చేరింది, అక్కడ వేలు పెడితే చాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని చీలిక) మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకి అందకపోవచ్చమ్మా అని ఆర్థో డాక్టర్ గారు ఎమ్మారై రాశారు, అందులో బయటపడింది, టిబియాలో, అంటే ఆ ముందు ఎముకలోనే, స్ట్రెస్ ఫ్రాక్చర్. ఇప్పుడు వాకింగ్ బూటు, పరుగు పూర్తిగా బంద్.

ఇవాళ ఆ రిపోర్టు పట్టుకుని కుంటుకుంటూ షాపుకి వెళ్ళా. కూర్చోమని కూడా అనలేదు. ఎమ్మారై కవరు బల్ల మీద పెడితే విప్పకుండానే పక్కకి జరిపి, చేతిలో ఉన్న కాఫీ గ్లాసు దాని మీద పెట్టాడు. గ్లాసు అడుగు తడి గుండ్రంగా నా పేరు మీద అంటుకుంది. "మేడమ్, మీ ఎముకలు వీక్ అయితే మేమేం చేస్తాం, కొంచెం బరువు తగ్గండి, ఇన్‌సోల్స్ వాడేశారు కాబట్టి రిఫండ్ రాదు" అని కస్టమర్లందరి ముందూ అన్నాడు. నొప్పితో పరిగెత్తమన్నది మీరే కదా అంటే, "మేం డాక్టర్లం కాదు కదా మేడమ్" అని ఫోన్ చూసుకుంటున్నాడు! కట్టించుకునేటప్పుడు ఈ మాట ఎక్కడికి పోయింది? గ్లాసు నేనే తీసి పక్కన పెట్టి కవరు తెచ్చుకున్నా.

డాక్టర్ గారు చెప్పింది మీక్కూడా చెప్తున్నా. మామూలు షిన్ స్ప్లింట్స్ (పరుగు ఎక్కువై ఆ ఎముక వెంబడి వచ్చే నొప్పి, ఫ్రాక్చర్ కాదు) అయితే నొప్పి ఎముక లోపలి అంచు వెంబడి కనీసం 5 సెంటీమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది, పరుగు తగ్గిస్తే నెమ్మదిస్తుంది. వేలుతో చూపించేంత ఒక్కచోటే నొప్పి, రెస్ట్‌లో ఉన్నా రాత్రుళ్ళు సలుపు, ఆ కాలి మీద గెంతలేకపోవడం ఉంటే ఆ రోజే పరుగు ఆపి ఆర్థో దగ్గరికో స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికో వెళ్ళండి. పరిగెడుతుంటే కాలు బిగుసుకుపోయి పాదం మొద్దుబారి, ఆపగానే తగ్గిపోతుంటే అది వేరే సమస్య, అదీ చూపించుకోవాల్సిందే. విరిగిన ఎముక ఏ ఇన్‌సోల్‌తోనూ అతుక్కోదు, దానికి కావాల్సింది రెస్ట్. ఆడవాళ్ళకి పీరియడ్స్ తప్పుతుంటే, తిండి చాలకపోతే ఈ రిస్క్ ఇంకా ఎక్కువ, ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నేను నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేసి కన్స్యూమర్ కంప్లైంట్ ఇస్తున్నా. కట్టింది 5 లక్షల లోపు అయితే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసుకి ఫీజు కూడా ఉండదు. ఆ షాపు బిల్లు, వాళ్ళిచ్చిన స్కాన్ రిపోర్టు ఎవరి దగ్గరున్నా పారెయ్యకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వేద్దాం.