ఆటోనగర్ మెకానిక్ షెడ్డు, నా సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్

2014 పెట్రోల్ స్విఫ్ట్ కొని రెండేళ్లయింది, అప్పట్నుంచి సర్వీసింగ్ అంతా బెజవాడ ఆటోనగర్లో ఒక చిన్న షెడ్డులోనే. ఇంజన్ ఆయిల్, ఫిల్టరు పదివేల కిలోమీటర్లకి లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాల్సిందే అంటాడు మేస్త్రి, బండి తక్కువ తిరిగినా సరే. మొదటిసారి తీసుకెళ్తే బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది, పాత ఓనరు అసలు మార్చలేదేమో, ‘అది గాల్లో తేమ పీల్చుకుంటుంది అన్నా, రెండేళ్లకోసారి మార్చకపోతే బ్రేక్ సరిగ్గా పడదు’ అని చూపించి మరీ చెప్పాడు, నిజంగా ప్రాణాలకి సంబంధించిన విషయం కదా! తీసిన పాత పార్టులన్నీ మన చేతికే ఇస్తాడు, అది నాకు బాగా నచ్చింది. బ్రేక్ ప్యాడ్లు ఇంకా ఉన్నాయి ఇప్పుడొద్దులే అని తనే ఆపాడు. శనివారం మాత్రం వెళ్లకండి, సాయంత్రం దాకా కూర్చోవాలి.