రోమా, హాలండా: 17వ శతాబ్దంలో ఎక్కడ బతకడం మేలు?

1600 ఫిబ్రవరిలో రోమ్‌లోని కాంపో దె ఫియోరి అనే చోట, చర్చి బోధకు ఎదురు చెప్పిన తత్వవేత్త జోర్డానో బ్రూనోను నిలువునా కాల్చేశారు. అదే ఏడాది వేసవిలో, అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సాన్ లుయీజి చర్చిలో చిత్రకారుడు కారవాజియో వేసిన మత్తయి చిత్రాలు గోడకెక్కాయి. డబ్బుల బల్ల దగ్గర కూర్చున్న సుంకరి మత్తయిని యేసు చెయ్యి చాచి పిలుస్తాడు. చీకటి గదిలోకి ఏటవాలుగా వెలుగు పడుతుంది. మనిషిని తగలబెట్టిన ఊరూ, ఆ వెలుగును గోడ మీద నిలిపిన ఊరూ ఒకటే. అందుకే "ఆ రోజుల్లో మతం సైన్సును తొక్కేసింది" అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు మనసొప్పదు. పోప్ ఏలిన రోమ్‌నూ, ప్రొటెస్టెంట్ల చేతిలో ఉన్న హాలండ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు చిత్రకారుడి సంగతి. 1563లో కాథలిక్ మతపెద్దలు జరిపిన ట్రెంట్ మహాసభ, చర్చిలో బొమ్మలు ఉండాల్సిందేనని, వాటిని చూసి మామూలు జనం విశ్వాసం నేర్చుకోవాలని తీర్మానించింది. దాంతో రోమ్‌లో గోడలకు, పైకప్పులకు, బలిపీఠాలకు చేతినిండా పని దొరికింది. పోప్ ఉండే చోటి పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ ముందు శిల్పి బెర్నినీ కట్టిన స్తంభాల వరసలు చూడండి. పోప్ ఖజానా వెనక లేకపోతే అంత పని జరిగేది కాదు. అయితే డబ్బిచ్చేవాడికి నచ్చకపోతే అంతే సంగతులు. కారవాజియో వేసిన 'మరియమ్మ మరణం' చిత్రాన్ని, అది ఏ చర్చి కోసమైతే వేశాడో అక్కడి సన్యాసులే వద్దన్నారు. ఒళ్లు ఉబ్బి, పాదాలు బయటపడి, నిజంగా చనిపోయిన ఆడమనిషిలా ఉందామె అందులో. మరో చిత్రకారుడు రూబెన్స్ సలహా మీద మాంటువా ప్రభువు దాన్ని కొనుక్కున్నాడు. ఆ కాలంలో మరియమ్మను అంత ప్రేమగా, మన ఇంటి మనిషిలా చూసిన చిత్రం ఇంకోటి నాకు తెలియదు.

హాలండ్‌లో కథ వేరు. చర్చిలో బొమ్మలు పెట్టడం తప్పని ప్రొటెస్టెంట్ల నమ్మకం. 1566లో ఆ ప్రాంతమంతా జనం చర్చిల్లో పడి విగ్రహాలు పగలగొట్టారు. తర్వాత ప్రొటెస్టెంట్ల చేతికొచ్చిన చర్చిలకు తెల్ల సున్నం కొట్టారు. చిత్రకారులకు అన్నిటికన్నా పెద్ద గిరాకీ అలా పోయింది. అప్పుడు వాళ్లు బజారును నమ్ముకున్నారు. పాలు పోసే పనిమనిషి, సగం తొక్క ఒలిచిన నిమ్మకాయ, కాలువ గట్టు, ఆవులు... ఇవన్నీ బొమ్మకు తగిన విషయాలయ్యాయి. కొనేవాళ్లు వ్యాపారులు, చేతిపనివాళ్లు. (వాళ్ల డబ్బులో మచిలీపట్నం రేవు నుంచి పోయిన అద్దకం బట్టల లాభమూ ఉంది. ఆ డచ్చివాళ్ల పేరు మీదే అక్కడ ఇప్పటికీ వలందపాలెం ఉంది.) కానీ బజారుకు జాలి ఉండదు. రెంబ్రాంట్ 1656లో దివాలా తీశాడు. 1675లో వెర్మీర్ అప్పులతో చనిపోతే, బ్రెడ్డు బాకీ కింద అతని భార్య రెండు చిత్రాలను బేకరీ అతనికి ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద పని, నిలకడైన పోషణ కావాలంటే రోమే మేలు. నా మనసు మాత్రం వెర్మీర్ వేసిన ఆ పాలు పోసే అమ్మాయి దగ్గరే ఉండిపోతుంది.

భక్తుడి విషయంలో పెద్దగా తూకం వేయక్కర్లేదు. రోమ్‌లో యూదులను 1555 నుంచి గోడ కట్టిన పేటలో ఉంచారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లు 1675లో నగరానికే తలమానికమైన ప్రార్థనాలయం కట్టుకున్నారు. అక్కడి కాథలిక్కులకు అంత భాగ్యం లేదు. 1663లో ఒక వ్యాపారి తన ఇంటి అటకల మీద ఏకంగా చర్చి కట్టించాడు, వీధిలోంచి చూస్తే మామూలు ఇల్లే. అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు. అది సమానత్వం కాదు, కానీ ప్రాణానికి భయం లేదు.

ఇక సైన్సు. ఇక్కడ రోమ్‌కు దక్కాల్సిన గౌరవం ముందు ఇవ్వాలి. 1582లో క్యాలెండర్ సరిచేయించింది పోపే. గెలీలియో టెలిస్కోప్‌లో చూసినవి నిజమేనని 1611లో రోమ్‌లోని జెస్యూట్ (ఒక కాథలిక్ సన్యాసుల సంఘం) పండితులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదికల్లా అతని స్నేహితుడు, చిత్రకారుడు చిగోలి, సాంతా మరియా మజ్జోరె చర్చిలో మరియమ్మ కాళ్ల కింద గుంతలున్న చంద్రుణ్ణి చిత్రించాడు. టెలిస్కోప్ చూపిన చంద్రుడు సాక్షాత్తూ చర్చి గోపురం లోపలికి వచ్చేశాడు! కళ, భక్తి, సైన్సు మూడూ ఒకే గోడ మీద కలిసిన అరుదైన ఘడియ అది.

అది నిలవలేదు. భూమి తిరుగుతుందన్న మాట తప్పని 1616లో చర్చి తేల్చింది. 1633లో 69 ఏళ్ల గెలీలియోను మోకాళ్ల మీద నిలబెట్టి ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసింది. ఆ వార్త విని హాలండ్‌లో ఉన్న ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ కూడా, భూమి తిరుగుతుందన్న తన పుస్తకాన్ని అచ్చుకివ్వకుండా దాచేశాడు.

హాలండ్ స్వర్గమేమీ కాదు. డెకార్ట్ ఆలోచనలను ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయం ఖండించింది. తత్వవేత్త స్పినోజా 1670లో తన పేరు లేకుండా, హాంబర్గ్‌లో అచ్చయినట్టు దొంగ చిరునామాతో మతాన్ని ప్రశ్నించే పుస్తకం తెచ్చినా, 1674లో నిషేధం తప్పలేదు. అక్కడి పాదిరీలు తక్కువ పట్టుదల ఉన్నవాళ్లేం కాదు. వాళ్ల చేతిలో అధికారం మొత్తం లేదు, అంతే. రాష్ట్రానికో చట్టం, ఊరికో పాలకమండలి. ఒక ఊళ్లో తలుపు మూసుకుంటే పక్క ఊళ్లో తడితే తెరుచుకునేది. ఆ సందులోనే డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ పెరిగాడు. వెర్మీర్ పుట్టిన ఊళ్లోనే, అదే 1632లో పుట్టినవాడు. లాటిన్ రాదు, విశ్వవిద్యాలయం మెట్లెక్కలేదు. సొంతంగా అద్దాలు సానబట్టి, నీటి చుక్కలో కదిలే ప్రాణులను చూసి, 1676లో డచ్చిలోనే లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘానికి ఉత్తరం రాశాడు. ఎవరి అనుమతీ అడగలేదు.

రోమ్‌లో తెలివి తక్కువై కాదు, కాదనే హక్కు ఒక్క గద్దె దగ్గరే ఉండిపోయింది. అందుకే నేనైతే హాలండ్‌నే ఎంచుకుంటాను, బ్రెడ్డు బాకీలతో సహా. గృహనిర్బంధంలో ఉన్న గెలీలియో చివరి పెద్ద పుస్తకం 1638లో అచ్చయింది కూడా అక్కడే, లైడెన్‌లో. అప్పటికి ఆయనకు రెండు కళ్లూ పోయాయి.