సిటిజన్ భార్యనైనా సరే, అమెరికాలో ఉండే గడువు దాటాక కన్సల్టెంట్ మాట నమ్మి విమానం ఎక్కించకండి

అమెరికాలో ఉంటూ భార్యకో భర్తకో గ్రీన్‌కార్డ్ పేపర్లు వేయించడానికి ఎవరికైనా డబ్బు కట్టబోతుంటే, ముందు ఇది చదవండి. మేం 1,800 డాలర్లు కట్టాం. ఆ డబ్బుతో మా ఆవిడను పదేళ్లు దూరం చేసుకోబోయాం.

నేను సిటిజన్‌ని. తను వర్క్ వీసా మీద వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకే ఉద్యోగం పోయింది, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ దగ్గర పడుతోంది. తెలిసినవాళ్లు చెబితే ఒక ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాం. అతను లాయర్ కాదు. ఆ మాట అడగాలని కూడా మాకు తట్టలేదు. "సిటిజన్ భార్య కదండీ, ఐ-130 వేస్తే చాలు, ఎవరూ ఏమీ అనరు. ఐ-485కి 1,440 డాలర్లు ఇప్పుడే ఎందుకు?" అన్నాడు. మాకు డబ్బు మిగులుస్తున్నాడనుకున్నాం.

ఐ-130 అంటే మా బంధం నిజమని చెప్పే పిటిషన్ మాత్రమే. అది పెండింగ్‌లో ఉన్నా, అప్రూవ్ అయినా ఇక్కడ ఉండే హక్కు రాదు. ఇక్కడి నుంచే గ్రీన్‌కార్డ్ అడిగే ఐ-485 అప్లికేషన్ కూడా కలిపి వేసి ఉంటే, అది పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ గడువు దాటిన రోజుల లెక్క పెరిగేది కాదు, వర్క్ పర్మిట్‌కీ అప్లై చేసుకునేవాళ్లం. మా విషయంలో ఐ-94 దాటిన మర్నాటి నుంచి లెక్క నడుస్తూనే ఉంది. మేం మాత్రం నిశ్చింతగా ఉన్నాం.

పిటిషన్ అప్రూవ్ అయ్యేసరికి గడువు దాటి 14 నెలలు. "ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని వచ్చేయడమే" అన్నాడు కన్సల్టెంట్. అప్పుడే మా మామయ్యగారికి గుండె ఆపరేషన్ అన్నారు. రెండు పనులూ అవుతాయని టికెట్ తీసేశాం. ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు, మనసు ఊరుకోక, ఒక లాయర్‌కి ఫీజు కట్టి అరగంట మాట్లాడాను. ఆవిడ మొదటి మాట: "టికెట్ క్యాన్సిల్ చేయండి."

1996లో వచ్చిన చట్టం ప్రకారం, గడువు దాటి 180 రోజులకు మించి ఉండి దేశం దాటితే మూడేళ్లు తిరిగి రానివ్వరు. ఏడాది, ఆపైన అయితే పదేళ్లు. ఈ నిషేధం ఇక్కడ ఉన్నంతకాలం పడదు, దేశం దాటినప్పుడే పడుతుంది. సిటిజన్ భార్య అయినా తప్పదు. మినహాయింపుకి ఐ-601ఏ అనే ఫారం ఉంది కానీ, తను లేకపోతే నాకు తీవ్రమైన కష్టమని రుజువు చేసి, వెళ్లకముందే తెచ్చుకోవాలి. దాని పేరు కూడా అతను ఎత్తలేదు.

ఇంకా బాధ కలిగించేది, అసలు తను వెళ్లక్కర్లేదు. విమానాశ్రయంలోనో సరిహద్దులోనో అధికారుల తనిఖీ అయి చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిన మనిషి సిటిజన్ భార్య లేదా భర్త అయితే, గడువు దాటినా మామూలుగా ఇక్కడి నుంచే ఐ-485 వేయొచ్చు. కానీ అందరికీ కాదు: తనిఖీ లేకుండా వచ్చినవాళ్లు, రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉన్న జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) వాళ్లు, కే-1 (కాబోయే భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చి, పిలిపించినవాళ్లను కాక వేరేవాళ్లను పెళ్లి చేసుకున్నవాళ్లు ముందు లాయర్‌ని కలవాల్సిందే.

డబ్బు కట్టేముందు మూడు చూడండి. ఆ మనిషి పేరు రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో ఉందా, లేక న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధా? మీ కేసు చూసేది తనేనని తెలిపే జీ-28 ఫారం మీ తరఫున వేస్తాడా? ఫారం తయారుచేసినవాళ్ల చోట తన పేరు రాసి సంతకం పెడతాడా? మా ఐ-130లో ఆ చోటు ఖాళీ. అంతా నేనే రాసుకున్నట్టుంది. కాన్సులేట్‌లో ప్రాసెస్ కావాలని పెట్టింది కూడా నేనేనట! వీసా స్టాంపు మీది తేదీ కాదు, ఐ-94 తేదీ చూసుకోండి. నేను చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నాను.

ఐ-485 ఇప్పుడు వేశాం. అది తేలేదాకా, ముందుగా ప్రయాణ అనుమతి రాకుండా తను దేశం బయటకు వెళ్లడానికి లేదు. మామయ్యగారి ఆపరేషన్‌కి నేనొక్కడినే వెళ్లొచ్చాను. తను రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుంది.

కన్సల్టెంట్ డబ్బు తిరిగివ్వలేదు. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో ఫిర్యాదు చేశాను. మీకూ ఇలా జరిగితే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి. నా దగ్గర అవి మిగలబట్టే ఫిర్యాదుకి ఏదో ఒక ఆధారం దొరికింది.