థేమ్స్ దక్షిణపు గట్టున మధ్యాహ్న భోజనం

లండన్ బ్రిడ్జికి దక్షిణపు కొసన మెట్లు దిగి, థేమ్స్ నది పక్కనే పడమటివైపు నడుచుకుంటూ రాయల్ ఫెస్టివల్ హాల్ అనే కచేరీల భవనం దాకా వెళ్తే దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఆ దారిలో సదర్క్ కేథడ్రల్ అనే పెద్ద చర్చి, దానికి ఆనుకున్న బరో మార్కెట్, ఒకప్పటి విద్యుత్ కేంద్రంలో 2000లో తెరిచిన టేట్ మోడర్న్ మ్యూజియం, దాని ఎదుట కాలినడకకు మాత్రమే కట్టిన మిలీనియం బ్రిడ్జి వరసగా తగులుతాయి. సదర్క్ అన్న పేరును అక్షరాలను బట్టి సౌత్‌వార్క్ అని పలికి దారి అడిగితే అవతలివారు ఒక్క క్షణం తెల్లముఖం వేస్తారు కనుక ఆ ఉచ్చారణను ముందే గుర్తుపెట్టుకోవడం మంచిది. మధ్యాహ్నం పన్నెండు దాటగానే ఆఫీసుల ఉద్యోగులు, పర్యాటకులు, మ్యూజియానికి వచ్చిన బడిపిల్లలు ఒక్కసారిగా ఈ దారి మీదికి వచ్చిపడతారు, అందరికీ ఆకలి కూడా ఒకే వేళకు వేస్తుంది.

నాలుగేళ్లుగా ఈ పేటలోనే ఉద్యోగం చేస్తున్నందువల్ల ఇక్కడి భోజనం గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. కిటికీలోంచి నది ఎంత బాగా కనిపిస్తే పళ్లెంలో తిండి అంత సాదాగా ఉంటుంది, బిల్లు మాత్రం అంతకంతకూ పెరుగుతుంది. నదికి వీపు తిప్పి ఒక్క సందు లోపలికి నడిచినవారికి అదే డబ్బుతో, తరచుగా అంతకన్నా తక్కువతో, చాలా మంచి భోజనం దొరుకుతుంది. అక్కడ కొనుక్కుని, చేతిలో పట్టుకుని, మళ్లీ నది దగ్గరకు వచ్చి తినడాన్ని ఎవరూ కాదనరు. నది ఉచితం అన్న సంగతి నాకు తెలిసిరావడానికి మాత్రం ఒక ఏడాది పట్టింది.

ఆ పాఠం ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేర్చుకున్నాను. వారికి థేమ్స్ చూపిస్తూ అన్నం పెట్టించాలన్న ఉత్సాహంతో నీటి అంచునే ఉన్న ఒక రెస్టారెంట్‌లో కిటికీ పక్క బల్ల ముందుగా బుక్ చేశాను. నలభై నిమిషాల తరువాత వచ్చిన చేప వేపుడు పైన కరకరలాడుతున్నట్టే కనిపించినా, ఫోర్కు గుచ్చగానే పొర ఊడి వచ్చి, లోపల చేప నీళ్లు కారుతూ చల్లగా ఉంది. నాన్న చేపను పక్కన పెట్టి, "మన గోదావరి పాయంత కూడా లేదు, దీనికా ఇంత పేరు" అని నదిని చూశారు. అమ్మ బిల్లు చూసి, "ఏరు చూసినందుకే ఇంత వేశారా నాన్నా" అని నన్ను అడిగింది. అమ్మ మాటలో లెక్క ఉంది. అలాంటి చోట్ల మనం కట్టేది బల్ల అద్దెకు, భోజనం దానికి తోడుగా వచ్చేది మాత్రమే.

సందు లోపల అంటే ముందుగా చెప్పుకోవలసింది బరో మార్కెట్ గురించే. ఈ సంత తన చరిత్రను వెయ్యేళ్లుగా చెప్పుకుంటుంది. ఇప్పుడున్న చోటికి వచ్చింది 1756లో. ఇనుప స్తంభాలు, అద్దాల కప్పు, ఆ కప్పు మీదుగా రైలు వంతెన ఉండటం వల్ల, తింటూ ఉండగా రైలు వెళ్లినప్పుడల్లా చేతిలోని కాఫీ కప్పు సన్నగా వణుకుతుంది. సోమవారం సంతకు సెలవు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. శని, ఆదివారాల్లో కూడా తెరిచే ఉంటుంది కానీ, శనివారం మధ్యాహ్నం అక్కడికి భోజనానికి వెళ్లమని నేను శత్రువుకు కూడా చెప్పను, ఎందుకంటే ఆ రోజు జనం మనల్ని నడిపిస్తారు తప్ప మనంతట మనం నడవలేము. మంగళ, బుధవారాల్లో పదకొండున్నరకు చేరుకుంటే అమ్మేవారితో రెండు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది, రుచి చూడమని చేతిలో చీజ్ ముక్క పెట్టేవారు కూడా కనిపిస్తారు.

అక్కడ నేను ఎక్కువసార్లు నిలబడిన వరుస కప్పాకేసిన్ అనే చీజ్ దుకాణం ముందు. అక్కడ రాక్లెట్ అనే వంటకం చేస్తారు. సగానికి కోసిన చీజ్ చక్రాన్ని వేడి కింద పెడతారు. కోసిన ముఖం మెల్లగా మెరుపెక్కి, బుడగలు లేచి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడగానే దాన్ని పక్కకు వంచి, ఉడికించిన చిన్న బంగాళాదుంపల మీదికి కత్తితో ఒక్క ఊపున గీస్తారు. కరిగిన చీజ్ దుప్పటిలా జారి దుంపలను కప్పేస్తుంది. పక్కన పుల్లగా ఊరబెట్టిన చిట్టి దోసకాయలు వేస్తారు, అవి లేకపోతే నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది. చక్రం అంచున మాడి పెళుసుగా మారిన పొర మన వాటాలో పడితే అదృష్టమే. చిన్నప్పుడు పాలగిన్నె అడుగున గోకుడు కోసం పోట్లాడుకున్నవారికి ఆ రుచి గురించి వేరే చెప్పనక్కరలేదు. అదే దుకాణంలో చీజ్, ఉల్లి, లీక్ అనే ఉల్లిజాతి కాడల తరుగు పెట్టి కాల్చే రొట్టె సాండ్‌విచ్ కూడా ఉంటుంది. నడుస్తూ తినాలనుకునేవారికి అదే అనుకూలం.

మాంసం తినేవారికి ఇక్కడ దారి ఇంకా సులువు. బ్రిండీసా అనే దుకాణం వారి పొయ్యి దగ్గర నిప్పుల మీద కాల్చిన చొరీసో అనే స్పెయిన్ సాసేజ్‌ను ఎర్ర మిరపకాయతో, ఘాటైన ఆకుకూరతో కలిపి రొట్టెలో పెట్టి ఇస్తారు. అది పంది మాంసమని ముందే తెలుసుకుని వరుసలో నిలబడాలి. బండి చక్రమంత పెనాల్లో పసుప్పచ్చగా ఉడుకుతున్న పాయెల్యా అనే స్పెయిన్ అన్నం దూరం నుంచే పిలుస్తుంది. అన్నం తప్ప ఇంకేదీ భోజనం కాదని నమ్మే మనవారికి ఆ పెనం కనిపించగానే ప్రాణం లేచి వస్తుంది. పచ్చి ఆల్చిప్పలను అక్కడికక్కడే చీల్చి నిమ్మరసం పిండి ఇచ్చే బల్లలు కూడా ఉన్నాయి. వాటి ముందు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ వెనక్కి వచ్చిన నాకు వాటి రుచి గురించి రాసే అర్హత లేదు.

శాకాహారుల విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లండ్‌లో 'వెజిటేరియన్' అన్న మాటకు, మన ఇళ్లలోని శాకాహారం అన్న మాటకు మధ్య ఒక చిన్న కందకం ఉంది. గుడ్డు అక్కడ శాకాహారమే. చీజ్ సంగతి అంతకన్నా చిక్కు. పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్టనుంచి తీసే రెనెట్‌ను పాత పద్ధతిలో చేసే చాలా చీజ్‌లలో ఇప్పటికీ వాడతారు, అసలైన పార్మిజానో రెజ్జానోలో అయితే నియమం ప్రకారం అదే వాడాలి. కాబట్టి ఈ విషయంలో పట్టింపు ఉన్నవారు, పైన నేను అంతగా మెచ్చుకున్న రాక్లెట్ విషయంలో కూడా, రెనెట్ ఏదని అడిగి తినడం మేలు. ఆ ప్రశ్నకు సంతలో ఎవరూ విసుక్కోరు. వేరుశనగ, నువ్వులు, పాలు, గుడ్లు వంటి 14 రకాల ఎలర్జీ పదార్థాలలో ఏవి వంటలో ఉన్నాయో చెప్పడం చట్టప్రకారం అమ్మేవారి బాధ్యత కనుక, వివరాలు అడగడం అక్కడ మామూలు సంగతే. ఏ అనుమానమూ లేకుండా తినాలనుకునేవారికి సంతలోనే 'హార్న్ ఓకే ప్లీజ్' అనే భారతీయ శాకాహార బండి ఉంది. మన లారీల వెనక రంగులతో రాసి ఉండే ఆ మాటను లండన్ నడిబొడ్డున చదివి నవ్వుకోని తెలుగువారు ఉండరు. దోసెలు, ఆలూ టిక్కీలు అక్కడి ప్రధాన వంటకాలు. చలికాలంలో ఆ పెనం ముందు నిలబడే ఐదు నిమిషాలు కూడా భోజనంలో భాగమే.

సంతలో ఒక్క మనిషి కడుపునిండా తినడానికి 10 పౌండ్లకు అటూ ఇటూ అవుతుంది, చేపలు, రొయ్యలు కలిసిన పళ్లేలు అంతకన్నా పైన ఉంటాయి. ఊరి రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గొంతు దిగదు, మొదటి నెల తరువాత ఆ అలవాటు దానంతట అదే పోతుంది. అసలు కష్టం డబ్బు కాదు, కూర్చునే చోటు. జూబిలీ ప్లేస్ వైపు ఉన్న బరో మార్కెట్ కిచెన్‌లో అందరూ కలిసి కూర్చునే పొడవాటి బల్లలు ఉన్నాయి కానీ, ఒంటిగంటకు అక్కడ సీటు దొరకాలంటే ఎవరు చివరి ముద్ద తింటున్నారో కనిపెట్టి వెనక నిలబడే నేర్పు ఉండాలి. నేను పొట్లం పట్టుకుని పక్కనే ఉన్న కేథడ్రల్ ఆవరణలోకి వెళ్తాను. ఎండ కాస్తే ఆఫీసువారంతా ఆ గోడల వెంట వరసగా కూర్చుని తింటారు. అక్కడినుంచి రెండు నిమిషాలు నడిస్తే నది. పోటుకూ పాటుకూ మధ్య థేమ్స్ మట్టం ఇక్కడ 7 మీటర్ల దాకా మారుతుంది కాబట్టి, ఒకరోజు గోడకు తగులుతూ కనిపించిన నీరు మరోరోజు అదే వేళకు కిందికి దిగిపోయి గులకరాళ్ల ఒడ్డును బయటపెడుతుంది. గోడ మీద పళ్లెం పెట్టి ఫోన్ చూస్తూ తినడం మాత్రం కూడదు. ఇక్కడి సీగల్ పక్షులకు కాకుల తెలివి, గద్దల రెక్కలు ఉన్నాయి. నా సగం సాండ్‌విచ్ ఒకటి వాటి పాలైంది.

కూర్చుని, పింగాణీ పళ్లెంలో తినాలనుకున్న రోజున సదర్క్ స్ట్రీట్‌లోని పడెల్లాకు వెళ్లమంటాను. 2016లో తెరిచిన ఈ చిన్న ఇటలీ భోజనశాలలో పాస్తాను అక్కడే చేతితో చేస్తారు. పీచీ అనే లావుపాటి పాస్తా తీగలను చీజ్, మిరియాలతో కలిపి ఇచ్చే పళ్లేనికి ఊరంతా పేరుంది. చూడటానికి అందులో ఏమీ ఉండదు. తింటే మాత్రం మిరియాల ఘాటు ముందుగా ముక్కుకు తగిలి, వెన్నలాంటి చిక్కదనం తరువాత వస్తుంది. పళ్లేలు చిన్నవి, పెద్ద ఆకలికి రెండు చెప్పాలి. వరుసకు భయపడేవారు తలుపు తెరిచే వేళకే అక్కడ ఉండాలి.

బరో హై స్ట్రీట్ మీద, బయటినుంచి సులభంగా కంటబడని ఒక ఆవరణలో ఉన్న జార్జ్ ఇన్ వేరే తరహా చోటు. 1677లో తిరిగి కట్టిన ఈ చెక్క వరండాల సత్రం పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. లండన్‌లో వరండాలతో మిగిలిన గుర్రపుబండ్ల నాటి సత్రం ఇదొక్కటే. పబ్ కాబట్టి భోజనమూ పబ్ భోజనమే. చేప, బంగాళాదుంప వేపుళ్లు, లోపల కూరి పైన పిండి పొర కప్పి కాల్చే 'పై' అనే వంటకం, ఆదివారం అయితే కాల్చిన మాంసపు రోస్ట్. ఇక్కడికి తిండి కోసం కన్నా ఆ చెక్క మెట్ల కోసం, ఆవరణలోని బల్లల కోసం వెళ్లడం సబబు. పబ్బులకు కొత్తవారు వడ్డించేవారి కోసం బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తూ ఉండిపోతుంటారు. చాలా పబ్బుల్లో మనమే బల్ల నంబరు చూసుకుని కౌంటర్ దగ్గరకు వెళ్లి చెప్పి, డబ్బు ముందే కట్టి రావాలి.

దారికి పడమటి కొసన, రాయల్ ఫెస్టివల్ హాల్ వెనక శుక్ర, శని, ఆదివారాల్లో ఒక తిండి సంత జరుగుతుంది. బరో అంత రద్దీ, పేరు దానికి లేవు, అదే దాని మేలు. 1951లో తెరిచిన ఆ హాలు లోపలి విశాలమైన వసారాల్లోకి ఎవరైనా వెళ్లవచ్చు, టిక్కెట్టు అక్కరలేదు. వాన పడినప్పుడు, పెద్దవారిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు, పసిపిల్లలకు బాత్రూమ్ అవసరమైనప్పుడు ఈ పేట మొత్తంలో దాన్ని మించిన చోటు నాకు తెలియదు.

రెస్టారెంట్ బిల్లులో అడుగున తరచుగా 12.5 శాతం సర్వీస్ చార్జి కలిపి ఉంటుంది. అది 'ఐచ్ఛికం' అని రాసి ఉంటే తీసేయమని అడిగే హక్కు మనకు ఉంది, కానీ వడ్డన బాగున్నప్పుడు అలా అడగడం నాకు నచ్చదు. 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఆ సొమ్ము మొత్తం పనిచేసేవారికే చేరాలి. కూర్చుని తాగడానికి మద్యం అమ్మే ప్రతి చోటా, అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి కాబట్టి సీసా నీళ్లకు డబ్బు దండగ. 'ట్యాప్ వాటర్' అని స్పష్టంగా అడగకపోతే సీసానే బల్ల మీదికి వస్తుంది. తలుపు మీద ఆకుపచ్చ, నలుపు రంగుల్లో 0 నుంచి 5 వరకు అంకె ఉన్న చీటీ పరిశుభ్రతకు ఇచ్చిన మార్కు. ఇంగ్లండ్‌లో దాన్ని అంటించడం తప్పనిసరి కాదు కనుక, చీటీ కనిపించని చోట ఆ అంకె ఎంతో ఫోన్‌లో చూసుకుని లోపలికి వెళ్తాను.

అమ్మానాన్నలు తిరిగి వెళ్లే ముందు, ఒక బుధవారం, వారిని మళ్లీ ఇటే తీసుకువచ్చాను. పన్నెండు కాకముందే సంతలో రెండు దోసెలు, ఒక పాయెల్యా కొనుక్కుని, పార్క్ స్ట్రీట్ మూలన ఉన్న మన్మత్ కాఫీ దుకాణంలో కాఫీ తీసుకుని, నది పక్క బెంచీ మీద ముగ్గురం సర్దుకున్నాం. అయిన ఖర్చు ఆ కిటికీ పక్క బల్లకు కట్టినదానిలో మూడోవంతు. నాన్న పాయెల్యాలో రొయ్యలు ఏరుకుని తిని, అన్నం అమ్మ వైపు జరిపి, నీళ్లు ఇప్పుడు ఎక్కుతున్నాయా దిగుతున్నాయా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.