నిలువెత్తు అస్థిపంజరం మోడల్: కోనసీమ తేమలో కొన్నేళ్లు వాడాక

నర్సింగ్, ఫిజియోథెరపీ మొదటి ఏడాది పిల్లలకు చూపించే 170 సెంటీమీటర్ల పీవీసీ అస్థిపంజరం ఇది. చక్రాల స్టాండు, స్ప్రింగు దవడ, ఊడదీసే కాళ్లూ చేతులూ ఉన్న మామూలు రకమే. అమలాపురంలో కొన్నేళ్లుగా రోజూ వాడకంలో ఉంది. మెడ కింది భాగానికి పెట్టిన డబ్బు గిట్టింది. పుర్రెకు మాత్రం గిట్టలేదు.

పుర్రెలో 22 ఎముకలు ఉంటాయి. మెదడును కప్పేవి 8, ముఖానివి 14. మోడల్‌లో విడివడేవి మాత్రం మూడే: పైచిప్ప, అడుగుభాగం, కింది దవడ. మిగతావన్నీ గీతలే. కరోనల్, సాజిటల్, లామ్డాయిడ్ సూచర్లు (పుర్రె ఎముకల అతుకులు) ఇప్పటికీ బాగానే కనిపిస్తున్నాయి. కణత దగ్గర ఫ్రాంటల్, పెరైటల్, స్ఫినాయిడ్, టెంపోరల్ ఎముకలు కలిసే టెరియాన్ మాత్రం వేళ్లు తగిలి తగిలి నున్నబడిపోయింది. అందరూ వేలు పెట్టి చూపించేది అక్కడే మరి. ఆ చోటుకి లోపలివైపు, మెదడు పొరలకు రక్తం తెచ్చే మిడిల్ మెనింజియల్ ధమని గాడి లోతుగా ఉంటేనే, కణత మీద దెబ్బకు లోపల రక్తం ఎందుకు గడ్డకడుతుందో పిల్లలకు అర్థమవుతుంది. ఇందులో ఆ గాడి పైపైన గీసినట్టుంది.

అసలు లోపం పుర్రె అడుగున ఉంది. కొనేముందు ఒక సన్నటి కొబ్బరి ఈనె పట్టుకెళ్లండి, ఆ పరీక్ష చాలు. పైచిప్ప తీసి ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రంలో ఈనె పెడితే నేరుగా కిందికి దిగాలి. రొటండమ్ రంధ్రంలో పెడితే ముందుకు, పై దవడ వెనక సందులోకి రావాలి. కంటి నరం వెళ్లే ఆప్టిక్ కెనాల్‌లోంచి కంటిగుంటలో తేలాలి. ఓవేల్‌కు వెనకగా, కాస్త బయటివైపు ఉండే స్పైనోసమ్ రంధ్రం చాలా మోడళ్లలో ఒట్టి చుక్క, ఇందులోనూ అంతే. మెదడుకు రక్తం తెచ్చే ధమని దూరే కెరోటిడ్ కెనాల్ లోపల మలుపు తిరుగుతుంది కాబట్టి ఈనె ఆగిపోతే తప్పు పట్టకండి, అక్కడ మెత్తటి కరెంటు వైరు దూర్చి చూడాలి. ముక్కు పైకప్పులోని ఎత్మాయిడ్ జల్లెడ పలకకు చిల్లులే లేకపోతే వాసన నరాలు ఎటునుంచి దిగుతాయని చెబుతాం?

పలచదనం కూడా పీవీసీలో రాదు. నిజమైన పుర్రెలో కంటిగుంట లోపలి గోడ కాగితంలా ఉంటుంది, పైకప్పును వెలుగుకు పట్టి చూస్తే కాంతి దిగుతుంది. ఇక్కడ అంతా ఒకే మందం. చెవుల కింద ఉండే స్టైలాయిడ్ ముళ్లు మాత్రం నిజంగానే సన్నం, అందుకే ముందు విరిగేవీ అవే. పుర్రెను బల్లమీద అడుగు ఆనేలా పెట్టకుండా గుడ్డ చుట్ట మీద ఆనించాలి.

ఒంటి సంగతికొస్తే వెన్నుపూసలు, కటి, తొడ ఎముక బాగున్నాయి. పక్కటెముకలు వెనకనుంచి ముందుకు కిందికి వాలాలి. ఇందులో దాదాపు అడ్డంగా బిగించారు. ముంజేతి ఎముకలు రెండూ తీగతో కట్టేసి ఉండటంతో రేడియస్ అల్నా మీదుగా తిరగడం చూపించలేం. చెవిలోని 6 బుల్లి ఎముకలు, నాలుక కింది హయాయిడ్ లేవు. అంటే ఒంట్లో 206 ఎముకలని చెబుతూ 199 చూపిస్తున్నాం.

ఇక మన వాతావరణం. పీవీసీకి తేమతో పేచీ లేదు, ఇనుముకే. వానాకాలంలో స్టాండు బోల్టులు, దవడ స్ప్రింగులు తుప్పు పడతాయి. నెలకోసారి కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేస్తే చాలు. కొబ్బరి నూనె వద్దు, జిడ్డుకట్టి దుమ్ము పడుతుంది. ఎండాకాలంలో పడమటి కిటికీ పక్కన ఉంచితే పక్కటెముకల మృదులాస్థులు మెత్తబడి ఛాతీ ముందుకు జారుతుంది. తుడవడానికి సబ్బునీళ్లు మేలు. థిన్నర్, అసిటోన్ తగిలితే రంగూ గీతలూ పోతాయి.

అసలు ఎముకలే కొంటే పోలా అనేవారికి ఒక మాట: మన దేశం నుంచి అస్థిపంజరాల ఎగుమతిని 1985లోనే నిషేధించారు. చాటుగా అమ్మేవాళ్ల జోలికి పోవద్దు.

మళ్లీ కొనాల్సి వస్తే ఒళ్లు ఇదే తీసుకుని, 22 ముక్కలుగా విడివడే పుర్రె వేరే కొనడం మేలు. పుర్రె అడుగు మధ్యలో ఉండే స్ఫినాయిడ్‌ను చేతిలోకి తీసుకుని రెక్కలు తడిమితే తప్ప దాని ఆకారం బుర్రకెక్కదు. ముక్కలకు అయస్కాంతాలున్న రకం అడగండి. పిన్నులతో బిగించే రకంలో రంధ్రాలు తొందరగా వదులవుతాయి. కంటిగుంటలోని లాక్రిమల్, ముక్కు మధ్యగోడలోని వోమర్ ముక్కలకు విడిగా మూతడబ్బా పెట్టుకోండి, ముందు పోయేవి అవే.