పీసీఓఎస్‌లో వ్యాయామ ప్రభావం: డీహెచ్‌టీ ఎలుకలా, లెట్రోజోల్ ఎలుకలా?

పీసీఓఎస్ అంటే మగ హార్మోన్ల హెచ్చు, అండాశయ తిత్తులు కనిపించే స్త్రీల సమస్య. దాని లక్షణాలను ఎలుకల్లో డీహెచ్‌టీ అనే మగ హార్మోనుతోనో, లెట్రోజోల్ అనే మందుతోనో తెప్పించి పరిశోధిస్తారు; అలాంటి ఎలుకే ‘నమూనా’. వ్యాయామంతో ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం) తగ్గుతుందా అన్నదే ప్రశ్నయితే డీహెచ్‌టీ నమూనాకే మా ఓటు. 21 రోజుల ఆడ ఎలుకపిల్ల చర్మం కింద 7.5 మిల్లీగ్రాముల డీహెచ్‌టీ గుళిక పెడతారు. 90 రోజుల పాటు రోజుకు సుమారు 83 మైక్రోగ్రాముల హార్మోను విడుదలవుతుంది. బరువు, కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత మూడూ వస్తాయి. పైగా డీహెచ్‌టీ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుగా మారదు కాబట్టి, కనిపించేది ఆండ్రోజెన్ (మగ హార్మోను) ప్రభావమే.

రోజుకు 200 మైక్రోగ్రాముల లెట్రోజోల్, ఆండ్రోజెన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. టెస్టోస్టిరాన్ అనే ఆండ్రోజెన్, అండాశయాన్ని ప్రేరేపించే ఎల్‌హెచ్ హార్మోను పెరిగి అండాశయంలో పెద్ద తిత్తులు ఏర్పడతాయి. అండాశయ పరిశోధనకు ఇదే మేలు. కానీ ఈ మోతాదులో బరువు పెరిగినా ఇన్సులిన్ నిరోధకత రాలేదు. లోపమే లేనప్పుడు పరుగు దేన్ని సరిచేస్తుంది?

ఏ నమూనా అయినా, వ్యాయామానికి ట్రెడ్‌మిల్ కన్నా ఎలుక తనంతట తాను పరుగెత్తే చక్రమే నయం. ట్రెడ్‌మిల్‌పై పరుగు ఆపితే తగిలే కరెంటు షాక్ భయం, కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోనును పెంచి గ్లూకోజ్ కొలతలను తారుమారు చేయగలదు. చక్రమున్న ఎలుక ఒంటరిగా ఉంటుంది గనుక, పోల్చే ఎలుకనూ ఒంటరిగానే ఉంచాలి.